చూడి పరీక్ష

టాకువారెంబో నుంచి మాంటెవీడియోకి
బస్సులో అయిదు గంటలు.
విల్మార్ ఫ్లాస్కు వంచి
మాతే ఆకు మీద వేణ్ణీళ్ళు పోసి నాకందిస్తాడు.
తను తాగడు.
ఇవాళ అతని చేతులకి వేరే పనేం లేదు.

మామూలు రోజుల్లో ఆ కుడిచెయ్యి
భుజందాకా ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది.
దొడ్లో, చెక్కల సందున వరసగా నిలబెట్టిన ఆవుల్లో
వేళ్ళతో వెతికి
చూడి, అంటాడు.
లేకపోతే ఖాళీ, అంటాడు.
ఖాళీ అన్నదాని తుంటి మీద పచ్చసుద్ద గీత.
వరసగా రెండేళ్ళు గీత పడితే
లారీ.

నాకిది నాలుగో ఏడు.

మొదటిది అడక్కుండానే వచ్చింది.
పైకప్పు కారుతుంటే గిన్నెలు పెట్టుకునే రోజుల్లో,
ఇప్పుడే వద్దులే అనుకుంటుండగా వచ్చింది నీవెస్.
ఇప్పుడు తెల్లగౌను వేసుకుని
మెడ దగ్గర నీలం రిబ్బను ముడి వేయించుకుని బడికి పోతుంది.
మూడు గౌన్లు పొట్టయిపోయాయి.
ఉతికి, గంజిపెట్టి, అట్టపెట్టెలో సర్దాను.
ఎవరికని మా అత్త దోరా అడగదు.
పెట్టె మీద దుమ్ము మాత్రం తుడుస్తుంది.

ఒకత్తి ఉందిగా,
దేవుడి దగ్గర బేరాలాడకు, అంటుంది
రొట్టెలు తూస్తూ ఎల్బా.
ఒకత్తి ఉండబట్టే కదా
ఏం లేదో నాకు తెలుస్తోంది.
పాలవాసన ఎలా ఉంటుందో తెలిసిన ముక్కుకి
ఆ వాసన రాని ఇల్లు ఎంత పెద్దదో
ఎల్బాకి చెప్పలేను.
చిల్లర తీసుకుని వచ్చేస్తాను.

ఆసుపత్రిలో నా ఎదుటి కుర్చీలో
ఒకామె జపమాల లెక్కపెడుతోంది.
పదకొండేళ్ళయిందట. ఒక్కసారి కూడా లేదట.
మీకో, అంది.
నా సంచి జిప్పుకి నీవెస్ కట్టిన ఊలు గొర్రెపిల్ల వేలాడుతోంది.
దాన్ని మెల్లగా లోపలికి తోశాను,
దొంగసొమ్ములా.
మేమూ ప్రయత్నిస్తున్నాం, అన్నాను.
అబద్ధం కాదు.
అయినా చెవులు కాలాయి.

విల్మార్‌కి ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు.
ఎన్నో వేల ఆవులకి ఒక్క ముక్కలో తీర్పు చెప్పిన మనిషి
తలుపు వేసుకుని
నలభై నిమిషాలు బయటికి రాలేదు.
వచ్చాక నా మొహం చూడలేదు.
గోడ మీది క్యాలెండర్లో
నదిలో దిగిన గుర్రాన్ని చూస్తూ కూచున్నాడు.

లోపల చల్లటి జెల్లు, నల్లటి తెర.
డాక్టరమ్మ ఎచెవెర్రి వేలు ఒకచోట ఆగింది.
ఇదిగో, పాత కుట్టు.
పైకి మానింది, లోపల గుంటలా ఉండిపోయింది.
నెలనెలా కొంత రక్తం అందులో నిలుస్తుంది,
వానకి గడప దగ్గర నీళ్ళు నిలిచినట్టు.
ఆ నీళ్ళు దాటి
ఎవరూ లోపలికి రాలేకపోతుండొచ్చు.

అంటే నీవెస్ బయటికొచ్చిన వాకిలే.
అది సరిగా మూసుకోలేదన్నమాట.
ఇంతకాలం నా వయసుని తిట్టుకున్నాను,
విల్మార్ సిగరెట్లని తిట్టాను,
అత్త కషాయాలన్నీ మింగాను.
ఈ సంగతి మాత్రం నీవెస్ చెవిన పడకూడదు,
ఎప్పటికీ,
అనుకున్నాను ముందు.

చిన్న ఆపరేషన్ ఉంది.
తర్వాత ఆరునెలలు ఆగాలి.
అయ్యాక ఏమవుతుందో మాట ఇవ్వలేను, అంది డాక్టరమ్మ.
మాట ఇవ్వలేదు కాబట్టే
ఆమెని నమ్మాను.

తిరుగు బస్సులో, దురాస్నో దాటాక,
చీకట్లో విల్మార్ అడిగాడు.
ఆమె ఖాళీ అనలేదు కదా?
అనలేదు, అన్నాను.
అప్పుడు తాగాడు, చల్లారిపోయిన మాతే.

మంగళవారం బడినించి దొడ్డికి వెళ్ళిన నీవెస్
రాత్రి అన్నం దగ్గర చెప్పింది.
నాన్న ఒక ఎర్రావులో చెయ్యిపెట్టి
చాలాసేపు అలాగే ఉన్నాడట.
సుద్ద పట్టుకున్న కుర్రాడు, ఏంటి అంటే,
ఉండరా, అన్నాడట.
ఇంకోసారి చూడనీ, అన్నాడట.

విల్మార్ తలెత్తలేదు.
ఉప్పు జాడీ జరిపాను అతనివైపు,
అడక్కపోయినా.